అడవి దారిన రత్నం ఊరికి

జనగామ

సైకిల్ మీద తిరగడానికి మీ వైపు ఏముంటుందని ఒకాయన నన్నడిగాడు. హైదరాబాద్‌లో ఏదో సైకిళ్ల సంఘానికి పెద్ద ఆయన. సెలవులొస్తే జనాన్ని వెంటేసుకుని అరకు పోతాడు, నీలగిరులకు పోతాడు. "మీ జనగామ అవతల రాళ్లూ తుమ్మచెట్లే కదండీ" అన్నాడు నవ్వుతూ. నాకు ఒళ్లు మండింది. మా మాటను సినిమాల్లో తాగుబోతుకూ జోకరుకూ పెట్టింది చాలక, మా నేలను కూడా ఖాళీ జాగా కింద జమకడితే ఎట్లా ఊరుకుంటాను? ఆకేరు ఉంది, మున్నేరు ఉంది, బయ్యారం గుట్టలున్నాయి, పాకాల అడవి ఉంది, మోరంచ వాగు ఉంది. తొక్కి వచ్చి చెప్తానన్నాను. తొక్కి వచ్చాను కాబట్టి రాస్తున్నాను. అయితే దారి చూపిద్దామనుకున్న ప్రయాణం బయలుదేరకముందే వేరే పని మీద పడింది, అది కూడా చెప్పాలి.

అప్పుడు మేం సమ్మెలో ఉన్నాం. రాష్ట్రం కోసం ఉద్యోగులందరూ పనులు ఆపేసిన రోజులు. బడులకు తాళాలు, డిపోల్లో బస్సులు, భూపాలపల్లిలో బొగ్గుబాయిలు బంద్. నేను జనగామ దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. పీఈటీకి ఇంత పొట్టేమిటని పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. అదే బడిలో లెక్కలు చెప్పే రత్నం నాకంటే బాగా చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు. వాళ్ల నాన్న సాంబశివరావు పత్తి వేయడానికి గుంటూరు వైపు నుంచి చిట్యాల దగ్గరికి వచ్చినప్పుడు రత్నం ఇంకా తల్లి కడుపులో ఉన్నాడు. అట్లా వచ్చిన కొన్ని కుటుంబాలు పొలాల మధ్య ఒకచోట ఇళ్లు కట్టుకున్నాయి. చుట్టుపక్కల వాళ్లు దాన్ని గుంటూరోళ్ల పల్లె అంటారు. రత్నం పుట్టింది, పెరిగింది, చదివింది అంతా ఇక్కడే. సమ్మె టెంటులో రోజూ నా పక్కన కూర్చునేదీ వాడే.

ఒక మధ్యాహ్నం ఫోన్ మాట్లాడి వచ్చి టెంటులో నా పక్కన కూలబడ్డాడు. ఏమైందిరా అని కదిలించాను.

"మా నాన్న భూమి అమ్ముతడట అన్నా. దసరా తెల్లారి బేరగాడు వస్తడు. అమ్మేసి అమ్మను తీసుకొని గుంటూరు పోతడట."

"ఎందుకు? ఎవలన్నా ఏమన్నా అన్నరా?"

"ఎవలేం అనలేదు. ఊళ్లె వాళ్లు ఇంటికి వచ్చుడు బంద్ వెట్టిన్రట. ఇగ మనకు ఈడ జాగ లేదంటున్నడు."

నాకు కోపం వస్తే ఆగదు, బడిలో అందరికీ తెలుసు. మేం కొట్లాడుతున్నది నీళ్ల కోసం, కొలువుల కోసం, మా మాటకు మర్యాద కోసం. పక్క చెలకలో ఇన్నేళ్లుగా పత్తి ఏరుకుంటున్న మనిషిని సాగనంపడానికి కాదు. ఆ మాట సాంబశివరావు ముఖం మీదనే చెప్పాలనిపించింది. ఊళ్లో వాళ్లను కూడా నాలుగు అడగాలనిపించింది. బస్సులు లేవు కాబట్టి సైకిళ్లు తీశాం.

హన్మకొండ, పరకాల మీదుగా పోతే దగ్గర. రత్నం ఒప్పుకోలేదు. భూమి పోయినంక ఈ దిక్కు మళ్లీ ఎందుకొస్తాం, జిల్లా అంతా ఒక్కసారి చుట్టి పోదామన్నాడు. అప్పుడు జనగామా, మానుకోటా, భూపాలపల్లీ అన్నీ వరంగల్ జిల్లానే.

"పోయెటోని లెక్క మాట్లాడకు," అన్నాను. "చూద్దాం పా. ఉండెటోని లెక్క చూద్దాం."

నెల్లికుదురు

పాలకుర్తి దాటి తొర్రూరు దారి పట్టాక, బస్సుల్లేని రోడ్డు ఎంత అందంగా ఉంటుందో తెలిసింది. సగం రోడ్డు మీద మక్కలు ఆరబోశారు. సైకిల్ పట్టేంత సందు వదిలారు, అదే మర్యాద అనుకోవాలి. రెండు వైపులా తంగేడు, గునుగు విరగబూసి ఉన్నాయి. బతుకమ్మ రోజులు కదా, ఆడపిల్లలు సంచులు పట్టుకుని చెలకల్లో తిరుగుతున్నారు. లారీ హారన్ లేదు, పొగ లేదు. సమ్మె వల్ల ఇంకేం వచ్చిందో గానీ మాకు మాత్రం మంచి రోడ్డు వచ్చింది.

ఆకేరు దగ్గర ఒకచోట తక్కువ ఎత్తు వంతెన మీదుగా నీళ్లు పారుతున్నాయి. దిగి నడిపించుకుపోదామని లెక్కల సారు అన్నాడు. తొక్కుకుంటూ పోదామని పీఈటీ అన్నాడు. పీఈటీ నీళ్లలో పడ్డాడు. అవతల గట్టున గొర్లు కాస్తున్న ఒకాయన పరుగెత్తుకొచ్చి, నన్ను కాదు, ముందు సైకిల్‌ను పట్టుకున్నాడు.

"సమ్మెల ఉన్న సార్లు మీరేనా?" అని అడిగాడు. "సమ్మె అంటె గిట్ల ఈతగొట్టుడా? నాకెరకలేదు, ఎరకుంటె నేను గూడ జేద్దును."

తడి బట్టలతోనే నెల్లికుదురు చేరాం. ఊరి మొదట్లో ఒక అవ్వ బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తోంది. మా జనగామలో కంకికి ఉప్పూ నిమ్మకాయా రాసిస్తారు. ఈమె వెల్లుల్లి వేసి దంచిన ఎర్రకారం రాసింది. ఒక్క కొరుకుకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ధర అడిగితే మామూలు ధరకు రెండింతలు చెప్పింది.

"ఇదేంది అవ్వా, గింత పిరమా?"

"బస్సులు బంద్ వెట్టింది మీరే గద కొడుకా? బస్సుల వచ్చెటోళ్లు తినే కంకులు గూడ మీరే తినాలె. తినుండ్రి."

మారుమాట్లాడకుండా తిన్నాం. తెలంగాణ వస్తుందా అవ్వా అని రత్నం అడిగాడు. ఆమె విసనకర్ర ఆపి వాడి వైపు చూసింది. "రాక యాడికి పోతది? రాకుంటె నేనే పోయి గుంజుకొస్త" అంది. ఆ విసనకర్ర ఊపిన తీరు చూస్తే నాకు నమ్మకం కలిగింది.

మానుకోట రోడ్డు మీద

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. ఆ ఊరికి ఇంకా కొంచెం దూరం ఉందనగా కూడలిలో రోడ్డు మూసుకుపోయింది. రాళ్లతో కాదు, అన్నంతో. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొయ్యిల మీద గుండిగలు, పక్కన కూరగాయలు తరిగే ఆడవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు. వంటావార్పు అంటే అదే. రోడ్డు మీద వండి రోడ్డు మీదనే తినాలి, అప్పటిదాకా ఏ బండీ కదలకూడదు. దారిన పోయేవాడు తినకుండా పోవడానికి వీల్లేదు. ఇంత రుచికరమైన పోరాటం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

మమ్మల్నీ కూర్చోబెట్టి మోదుగాకు విస్తర్లు వేశారు. అన్నం, పప్పు, వంకాయ కూర. మెడలో కండువా వేసుకున్న ఒక యువకుడు వరుస వెంట మాట్లాడుకుంటూ వచ్చాడు. నాది జనగామ అంటే నవ్వి భుజం తట్టాడు. రత్నం దగ్గర ఆగాడు.

"మీదే ఊరు సార్?"

రత్నం చిట్యాల అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "చిట్యాల దగ్గర గుంటూరోళ్ల పల్లె" అన్నాడు తల ఎత్తి.

డప్పు మోగుతూనే ఉంది గానీ మా వరుసలో అందరూ ఇటు తిరిగారు.

"అంటే ఆంధ్రోళ్లు. మరి గీ సమ్మెల నీకేం పని?"

నేను అన్నం చేత్తోనే లేచి నిలబడ్డాను. ఏమనబోయానో నాకే గుర్తు లేదు, మంచి మాట మాత్రం కాదు. ఈలోగా పప్పు గుండిగ దగ్గర ఉన్న పెద్దామె వచ్చి ఇద్దరి మధ్యా గరిటె పెట్టింది.

"ఓ పిలగా, తినెటోన్ని లేపుతున్నవా? మీ ఇంట్ల గిట్లనే చేస్తరా?" అని ఆ యువకుణ్ని గద్దించింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూసో సారూ, గంత పొట్టేసుకొని ఎగురకు" అంది. చివరికి రత్నాన్ని చూసి, "నువ్వు లే బిడ్డా. తిన్నది సాలు. గీ గరిటె పట్టు, వడ్డించు. నువ్వు వేస్తె గీ పిలగాడు తింటడో లేదో నేను జూస్త" అంది.

రత్నం లేచి చేతులు కడుక్కుని గరిటె అందుకున్నాడు. కండువా యువకుడు వరుస చివర కూర్చున్నాడు. వాడి ముందుకు వచ్చేసరికి అందరూ అటే చూస్తున్నారు. రత్నం పప్పు వేశాడు. ఆ పిల్లాడు విస్తరి ముందుకు జరిపి, "జర ఎక్కువెయ్యి అన్నా, పొద్దటిసంది తినలె" అన్నాడు. వరుస అంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆ కూడలిలో వడ్డన అంతా రత్నమే చేశాడు.

మళ్లీ సైకిలెక్కాక వాడు నన్ను తిట్టాడు. "నువ్వెందుకు లేచినవన్నా? నా ఊరి పేరు నేను చెప్పుకుంట గద?" అన్నాడు. నేను ముందు చక్రం చూసుకుంటూ తొక్కుతూ పోయాను.

గార్ల

గార్ల అప్పుడు పక్క జిల్లా, అక్కడ మా అక్క ఇల్లు. మానుకోటలో ఒక రాత్రి ఆగి మేం పోయింది సద్దుల బతుకమ్మ రోజు, అంటే బతుకమ్మ ఆఖరి రోజు. అక్క నన్ను చూసి, ముందు నా పొట్టనూ తర్వాత నా సైకిల్‌నూ చూసి, సైకిల్ మీద జాలిపడింది. బావ బజారులో విత్తనాల దుకాణం మూసి వచ్చి, మానుకోట సంగతులన్నీ అడిగి అడిగి చెప్పించుకున్నాడు. అప్పటిదాకా అక్క మలీద ముద్దలు మా చేతుల్లో పెడుతూనే ఉంది. రొట్టె నలిపి బెల్లం కలిపి కట్టిన ముద్దలు అవి. రెండు తింటే చాలు, రెండు గుట్టలు ఎక్కొచ్చు.

సాయంత్రం మున్నేరు వైపు బతుకమ్మలు కదిలాయి. ఆడవాళ్లు పాడుతూ తిరుగుతుంటే మేం గట్టు మీద నిలబడి చూశాం. ఆ ఏటి పాటల్లో రాష్ట్రం మాట కూడా వచ్చి చేరింది. పాత బాణీలోనే కొత్త సంగతి కట్టి పాడుతున్నారు. ఎవరు రాశారంటే ఎవరికీ తెలియదు.

"తమ్మీ, మీ ఇంట్ల బతుకమ్మ పేరుస్తరా?" అని అక్క రత్నాన్ని అడిగింది.

"మా అమ్మ పేరుస్తదక్కా. వచ్చిన కొత్తల దూరంకెళ్లి చూసేదట. ఇప్పుడు మా దిక్కు అందరికంటే పెద్దది ఆమెదే."

"మరి ఆమె పోతనంటుందా గుంటూరు?"

రత్నం నీళ్లలో తేలిపోతున్న బతుకమ్మల కేసి చూశాడు. "ఆమెను ఎవలడిగిన్రు?" అన్నాడు. నాకు ఆ మాట చాలా కాలం గుర్తుండిపోయింది.

బయ్యారం గుట్టలు దాటి

మర్నాడు గార్ల నుంచి బయ్యారం, అక్కడి నుంచి గంగారం, కొత్తగూడ వైపు అడవి దారి. ఇక్కడి మట్టి ఉత్త ఎరుపు కాదు, ఇనుప తుప్పు రంగులో ఉంటుంది. గుట్టల్లో ఇనుము ఉందని, దాన్ని ఎవరెవరో తవ్వుకుపోవాలని చూస్తున్నారని ప్రతి టీ కొట్టులో చెప్పారు. మా గుట్టలో ఇనుము మా పిల్లలకు కొలువు కావాలి గానీ ఇంకొకరికి మేడ కావడమేమిటని అక్కడివాళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ వాళ్లతో పాటు బల్ల గుద్దాను.

తర్వాత టేకు, నల్లమద్ది మొదలయ్యాయి. అడుగడుగునా సీతాఫలం చెట్లు, రాళ్ల సందుల్లో కూడా కాసి ఉన్నాయి. పండినవి కోసుకుని తిని గింజలు ఊసుకుంటూ పోయాం. కొండముచ్చులు మమ్మల్ని చూసి పండ్లు వదిలి పారిపోలేదు, మేమే వాటికి దారి ఇచ్చాం. ఎక్కుడు వచ్చినచోట దిగి నెట్టాను, దిగుడు వచ్చినచోట అరిచాను. నీలగిరుల పెద్దమనిషి ఒక్కసారి ఆ దిగుడులో నా వెనక వచ్చి ఉంటే ఎంత బాగుండేదో. కింద వాగు, వాగు పక్కన పచ్చని వరి, దాని అవతల మళ్లీ గుట్ట. ఇవన్నీ మావే అని గట్టిగా అరిచాను, గుట్ట కూడా ఔనంది.

అంత సంబరంలో రత్నం టైరులో ముల్లు దిగింది. పంక్చర్ సామాను నేనే తెచ్చాను, గొప్పగా సంచి విప్పాను. అతికించే సొల్యూషన్ ట్యూబు గడ్డకట్టి రాయైపోయింది. ఎప్పటిదో చూసుకోలేదు. లెక్కల సారు నవ్వుతూ సంచి మూసి నా చేతికిచ్చాడు. సైకిల్ నెట్టుకుంటూ నడిస్తే ఒక లంబాడి తండా వచ్చింది. అక్కడ ఒకాయన దగ్గర సామాను ఉంది గానీ ఆయన చేనుకు పోయాడు, వచ్చేదాకా ఆగమన్నారు.

మమ్మల్ని ఆపి కూర్చోబెట్టింది ఒక పెద్దావిడ. వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు, మేమూ అట్లాగే పిలిచాం. జొన్నరొట్టెలు కాల్చి, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టింది. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మాతో మాత్రం మా తెలుగే మాట్లాడింది. అడవి అంచున ఆమెకు కొంచెం చెలక ఉంది. అది అడవిదని అధికారులు అంటారు, తన అత్త నరికి దున్నిన భూమని ఆమె అంటుంది.

"రాష్ట్రం వస్తె నా చెలక నాకుంటదా సారూ?" అని అడిగింది.

ఉంటుందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎవరి తరఫున చెప్పను? "అడగాలె యాడీ, గట్టిగ అడగాలె" అన్నాను.

"అడుగుడు ఏంది? నేను దున్నుడే. చెలక చుట్టు కందకం తవ్విన్రు. నేను పూడ్చిన. మళ్ల తవ్విన్రు. మళ్ల పూడ్చిన. వాళ్లకు జీతమొస్తది, నాకు జొన్నలొస్తయి. ఎవలు ముందుగాల అలుస్తరో చూద్దాం."

మా ప్రయాణం ఎందుకో రత్నం చెప్పాడు. ఆమె రొట్టె తిప్పడం ఆపి విన్నది.

"మీ నాయినను కొట్టిన్రా?"

"లేదు."

"పంట కాలవెట్టిన్రా?"

"లేదు యాడీ. ఇంటికి వచ్చుడు బంద్ వెట్టిన్రు."

"గంతేనా!" అని ఆమె రొట్టెను పెనం మీద పడేసింది. "ఎవలో ఇంటికి రాలేదని భూమి ఇడిసి పోతడా? నా ఇంటికి ఫారెస్టోళ్లు తప్ప ఎవలూ రారు. నేను పోయిననా?"

రత్నం ముఖం ఎర్రబడింది. నేను నవ్వు ఆపుకోలేక తొక్కు ఎక్కువ తిని దగ్గాను. సామాను ఆయన పొద్దు గూకేముందు వచ్చి టైరు బాగుచేశాడు. రొట్టెలకు పైసలిస్తే యాడి మా చేతులు వెనక్కి నెట్టేసింది.

మోరంచ వాగు

ఆ రాత్రి తండాలోనే పడుకుని దసరా నాడు పొద్దున్నే బయలుదేరాం. ములుగు దాటాక కూడళ్లలో కొత్త బట్టలు వేసుకున్న మనుషులు ఆకాశంలోకి చూస్తూ తిరుగుతున్నారు. దసరా రోజు పాలపిట్టను చూడడం మాకు ఆచారం. కనిపించినవాడు ఆ ఏడంతా గెలుస్తాడని నమ్మకం. దారిలో ప్రతివాడూ, ఎక్కడినుంచి వస్తున్నారని అడగడం మాని, పాలపిట్ట కనబడిందా అనే అడిగాడు. అంత అడవి తిరిగి వచ్చినా మాకు కొండముచ్చులే కనబడ్డాయని చెప్పాల్సి వచ్చింది.

మోరంచ వాగు దగ్గర టీ కొట్టు తెరిచి ఉంది. బొగ్గుబాయి కార్మికులు నలుగురు కూర్చున్నారు. వాళ్లదీ సమ్మే, పండుగకు చేతిలో ఏమీ లేదు. అయినా మా టీకి వాళ్లే ఇచ్చారు. "మేం తవ్వకుంటె కరెంటు లేదు. చీకట్ల కూసుంటెనన్న మా మాట ఇనవడతదేమో చూద్దాం" అన్నాడు ఒకాయన. పండుగ పూట మేకను కోయలేకపోయానని ఆయన బాధేమీ దాచుకోలేదు. రాష్ట్రం వచ్చిన దసరాకు రెండు కోస్తానన్నాడు, మమ్మల్ని రమ్మన్నాడు కూడా.

అక్కడి నుంచి రత్నం ముందు తొక్కాడు. చేన్లలో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. ఒక చోట సైకిల్ ఆపి, తాను ఈత నేర్చుకున్న మడుగు చూపించాడు. ఇంకోచోట ఆపి ఏమీ చూపించలేదు, ఊరికే నిలబడ్డాడు. ఏ దారైతే ఉత్సాహంగా చూపిద్దామనుకున్నానో ఆ దారి అయిపోవస్తుంటే భయం వేసింది.

గుంటూరోళ్ల పల్లె

మేం పోయేసరికి పొద్దు వాలుతోంది. సాంబశివరావు వాకిట్లో మంచం మీద కొత్త చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. మడత గీతలు ఇంకా పోలేదు. తల నల్లగా నిగనిగలాడుతోంది.

"రండి మాస్టారూ! ఇంత దూరం సైకిళ్లా? మీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాడు. రత్నం వాళ్లమ్మ గారెలు తెచ్చిపెట్టింది. నేను గారె కూడా పూర్తి చేయకుండానే అడిగేశాను, ఎందుకు అమ్ముతున్నారని.

మా దగ్గర దసరా సాయంత్రం జమ్మి చెట్టుకు మొక్కి ఆ ఆకు తెచ్చుకుంటాం. దాన్ని బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి పోయి, బంగారం చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కి, అలాయ్ బలాయ్, అదే కౌగిలి, తీసుకుంటారు. సాంబశివరావు చెప్పింది దాని గురించే.

"మా వైపు ఈ ఆకు పంచుకోవటం నాకు తెలీదు. మేం వచ్చిన మొదటి దసరాకే ఓదెలు వచ్చాడు. నా చేను పక్క చేను వాడిదే. నా చేతిలో ఆకు పెట్టి, రావుగారూ బంగారం, అన్నాడు. వాడి వెనక ఊళ్లో సగంమంది వచ్చారు. అప్పట్నుంచీ ఒక్క యేడు తప్పలేదు. పోయిన రెండు దసరాలూ రాలేదు మాస్టారూ. వాడు రాలేదని మిగతావాళ్లూ రాలేదు. పైగా ఇప్పుడు రావుగారూ లేదు, గారూ లేదు. గట్టు మీద నుంచి ఓ సాంబయ్యా అని కేకేస్తాడు. పొమ్మని నోటితో చెప్పాలా?"

"మీరు ఆయనను అడిగిన్రా?"

"ఏమని అడగను? నాకు మాత్రం రోషం లేదూ?"

రత్నానికీ ఇది కొత్తే. పెళ్లయినప్పటి నుంచి వాడు దసరాకు అత్తగారింటికే పోతున్నాడు. ఇద్దరం గారెలు అక్కడే వదిలి సైకిళ్లెక్కాం. ఓదెలు ఊరు చేన్ల అవతలే. దారి పొడుగునా ఆయనను ఏమేం అనాలో పేర్చుకుంటూ తొక్కాను.

ఓదెలు కూడా వాకిట్లోనే ఉన్నాడు. తలంతా తెల్లబడిన మనిషి, కొత్త ధోతి. పక్కన ఇత్తడి పళ్లెంలో జమ్మి ఆకులు. వచ్చిన చిన్నవాళ్లు ఆయన చేతిలో ఆకు పెట్టి మొక్కి పోతున్నారు. నేను సైకిల్ స్టాండు కూడా వేయకుండా మొదలుపెట్టాను.

"పెద్దమనిషీ, సాంబశివరావు ఇంటికి రెండేండ్లసంది ఎందుకు పోతలేరు?"

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "నేనెందుకు పోవాలె?" అన్నాడు. "నేను పెద్దోన్ని. చిన్నోడు గద రావాలె."

"మొదటిసంది మీరే పోయిన్రట గద?"

"గప్పుడాయన చుట్టం సారూ. ఇల్లిడిసి వచ్చిన మనిషి. చుట్టం ఇంటికి మనమే పోవాలె, రావుగారూ అనాలె. పోయిన, అన్న. నిరుటికి ముందటేడు, దసరాకు ముందటి మాట, చిట్యాల టెంటుల మేం నిరాహార దీక్షకు కూసుంటే ఆయన అడుగకుంటనే వచ్చి నా పక్కపొంటి కూసున్నడు. పొద్దుందాక మెతుకు ముట్టలె. గా దినమే అనుకున్న, ఇగ గీయన చుట్టం కాదు, మనోడు, నా తమ్ముడు అని. తమ్ముని ఇంటికి అన్న పోతడా బంగారం పట్టుకొని?"

ఆయన జమ్మి ఆకుల పళ్లెం పక్కకు జరిపాడు.

"గా దసరాకు తలుపు తెరిసిపెట్టి కూసున్న. రాలె. నిరుడు గూడ రాలె. టెంటుల కూసుండ వశమైంది గని నా గడప తొక్క వశం గాలేదా సాంబయ్యకు? నాకు బాధ కాదా?"

కొట్లాడడానికి పోయిన నాకు అక్కడ కొట్లాడడానికి ఏమీ మిగల్లేదు. రత్నం అప్పటికే వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. లేవడం లేదు.

తిరిగి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. సాంబశివరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మెత్తబడ్డాడనుకున్నాను, కాదు, కోపం వచ్చింది.

"వాడు నాకంటే పెద్దా? ఎవడు చెప్పాడు?"

"మీరెప్పుడు పుట్టారో మీకే తెలీదు కదండీ" అంది రత్నం వాళ్లమ్మ. కొంగు ముడి విప్పి జమ్మి ఆకు తీసి ఆయన జేబులో పెట్టింది. ఊళ్లో ఆడవాళ్లు ఆమెకు ఏటా ఇస్తూనే ఉన్నారట. మగవాళ్ల పంతం ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆయన ఇంకేం వినకుండా నా సైకిల్ లాక్కుని ఎక్కేశాడు. నేను రత్నం సైకిల్ వెనక కూర్చున్నాను, పాపం వాడు నన్ను మోసుకుంటూ తొక్కాడు.

ఓదెలు వాకిట్లో సైకిల్ దిగుతూనే సాంబశివరావు కేకేశాడు. "ఏమయ్యా ఓదెలూ! నువ్వు నాకంటే పెద్దవాడివా?"

"కానా మరి? నా నెత్తి జూడు, నీ నెత్తి జూడు."

"నేను రంగేశానయ్యా!"

వాడకట్టు అంతా పగలబడి నవ్వింది. ఓదెలు మాత్రం నవ్వలేదు. "రంగేస్తివో, వానల తడిస్తివో నాకెరకలేదు. నేను చెలక కొన్నంక వచ్చినవు నువ్వు. చిన్నోనివే" అన్నాడు.

సాంబశివరావు జేబులోంచి ఆకు తీశాడు. దాన్ని చొక్కాకు తుడిచాడు. తర్వాత గడప దగ్గరికి పోయి, ఓదెలు అరచేతిలో ఆకు పెట్టి, కాళ్ల మీదికి వంగాడు. ఓదెలు కాళ్లదాకా పోనివ్వలేదు. రెండు రెట్టలూ పట్టి లేపి గట్టిగా అలుముకున్నాడు. నేను ఏడ్చాను. ఎవరేమనుకున్నా నాకేం?

"రేపు బేరగాడు వస్తడట గద?" అన్నాడు ఓదెలు ఆయనను వదలకుండానే.

సాంబశివరావు కొడుకు వైపు చెయ్యి చాపాడు. రత్నం ఫోన్ ఇచ్చాడు. ఆయన వాడకట్టంతా వినేట్టు మాట్లాడాడు.

"రేపు రావద్దండీ. అమ్మటం లేదు. ధర గురించి కాదయ్యా, ఎంతిచ్చినా అంతే. మా అన్న ఒప్పుకోవట్లేదు."